రక్షకుని లెక్క – జట్టు లెక్క

హాకీలో గోల్ చేసినవాని పేరు స్కోరు పుస్తకంలో చేరుతుంది. గోల్ కాకుండా ఆపిన ఫుల్‌బ్యాక్ పేరు వ్రాయడానికి అందులో చోటు లేదు. జరిగినదానిని లెక్కించడం సులభం. జరగకుండా చేసినదానిని లెక్కించడం కష్టం. కళాశాల జట్టుకో, జిల్లా జట్టుకో ఆటగాళ్లను ఎన్నుకొనేటప్పుడు ఈ కష్టమే పలుమార్లు రక్షకుని పట్ల అన్యాయానికి దారితీస్తుంది.

ఈ లోటు తీర్చడానికి మంచుపై ఆడే హాకీలో ఒక పద్ధతి ఏర్పడింది. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో దానిని 'ప్లస్-మైనస్' అంటారు. ఆటగాడు బరిలో ఉండగా తన జట్టు గోల్ చేస్తే అతనికి ఒక ప్లస్; ఎదుటి జట్టు చేస్తే ఒక మైనస్. పక్ ఎవరి కర్ర నుండి వెళ్లినదన్న ప్రసక్తి లేదు. అయితే ఎదుటివారిలో ఒకడు శిక్షపై బయట ఉండగా, ఆ సంఖ్యాబలంతో చేసిన గోల్స్‌ను లెక్కలోకి తీసుకోరు.

1970–71లో బోస్టన్ జట్టు రక్షకుడు బాబీ ఆర్ ప్లస్ 124 సాధించాడు. 1974–75లో వాషింగ్టన్ జట్టు రక్షకుడు బిల్ మికెల్సన్‌కు మైనస్ 82 వచ్చింది. ఆ లీగ్ చరిత్రలో ఒకటి అత్యధికం, మరొకటి అత్యల్పం. అంకెలు మాత్రమే చూస్తే తీర్పు తేలిక. కాని జట్లను కూడా చూడండి. బోస్టన్ ఆ ఏడు 399 గోల్స్ చేసి 207 మాత్రమే ఇచ్చింది. వాషింగ్టన్‌కు అది తొలి సంవత్సరం. 80 ఆటలలో 8 గెలిచి 67 ఓడింది. 181 చేసి 446 ఇచ్చింది. ఆర్ మహా క్రీడాకారుడనుటలో సందేహం లేదు. కాని మికెల్సన్ మైనస్‌లో ఎంత భాగం అతనిది, ఎంత భాగం జట్టుది?

బోధన్ ప్రాంతపు రైతుబిడ్డలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. నరికిన చెరకు గానుగకు చేరకుండా ఎండలో నిలిచిపోతే అందులోని చక్కెర తగ్గుతుంది. ఆ నష్టాన్ని పండించినవాని తలపై మాత్రమే వేయడం న్యాయం కాదు గదా!

కనుక జట్టుతో పోల్చి చూడాలి. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. ఒక బలహీనమైన జట్టు ఏడాదిలో 20 గోల్స్ చేసి 50 ఇచ్చింది. మొత్తం మైనస్ 30. దాని రక్షకుడు సగం కాలం ఆడాడు. అతడు ఉండగా మైనస్ 9. లేనప్పుడు మైనస్ 21. మరొక బలమైన జట్టు 50 చేసి 20 ఇచ్చింది. మొత్తం ప్లస్ 30. దాని రక్షకుడూ సగం కాలమే ఆడాడు. అతడు ఉండగా ప్లస్ 9; లేనప్పుడు ప్లస్ 21. పట్టికలో రెండవవాడు పైన ఉంటాడు. కాని మొదటివాడు వచ్చినప్పుడు అతని జట్టు మెరుగుపడింది. రెండవవాడు వచ్చినప్పుడు అతని జట్టు తగ్గింది.

ప్రత్యర్థి బలాన్ని కూడా గమనించాలి. దీనికి ఫుట్‌బాల్ నుండి మన సమీపపు ఉదాహరణ ఉన్నది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు నాల్గవ స్థానం పొందింది. ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, యుగోస్లావియాకు 1–4తో, బల్గేరియాకు 0–3తో ఓడింది. మొత్తం 5 చేసి 9 ఇచ్చింది. మూడు ఆటలూ పూర్తిగా ఆడినవాడెవడైనా, ఫార్వర్డ్ అయినా రక్షకుడైనా, అతని లెక్క మైనస్ 4. కాని ఆ మైనస్‌లు రజత, కాంస్య పతకాలు పొందిన జట్ల చేతిలో వచ్చినవి. ఆ అంకె ఆటగాళ్లలో ఒకనిని మరొకనినుండి వేరుచేయదు. ఆ జట్టు ఘనతనూ చెప్పదు.

మన హాకీలో మరికొన్ని జాగ్రత్తలు అవసరం. పెనాల్టీ కార్నర్ గోల్స్‌ను వేరుగా వ్రాయాలి. గోల్‌కీపర్ ఎవరో, తోటి ఫుల్‌బ్యాక్ ఎవరో గుర్తించాలి. ఉత్తమ రక్షకుణ్ణే ఎదుటివారి ఉత్తమ ఫార్వర్డ్‌పై నిలుపుతారు గనుక అతనికి మైనస్‌లు ఎక్కువ రావచ్చు. నాలుగైదు ఆటల లెక్కలో అదృష్టం పాలు అధికం. దానిపై తీర్పు చెప్పరాదు.

విద్యార్థులారా! ప్రతి గోల్‌కు నిమిషం, అప్పుడు బరిలో ఉన్నవారి పేర్లు, గోల్ వచ్చిన విధం ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. ఎంపికచేసే పెద్దలు ఆ పుస్తకం చూచి, ఆటను కూడా కళ్లారా చూడాలి. ఓడే జట్టులో నిలబడి పోరాడిన రక్షకుణ్ణి గుర్తించగలిగినప్పుడే ఎంపిక న్యాయమైనదవుతుంది.