అవసరమునకు తోడువచ్చు వెనుకచక్రములు

బోధను ప్రాంతమున నల్లరేగడి నేలలు విస్తారముగా గలవు. ఈ నేల ఎండినప్పుడు రాయివలె గట్టిపడి బీటలువారును. తడిసినప్పుడు చక్రములకు ముద్దగా నంటుకొని వాని పట్టును హరించును. 1923వ సంవత్సరమున ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణముచే మంజీరా జలములు కాలువలగుండ ఈ పొలములకు వచ్చినవి. నీటి వెంట చెఱకు వచ్చినది. చెఱకు వెంట 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆ కర్మాగారము 2015లో మూతపడినది గాని, కాలువగట్ల బురదయు, చెఱకుతోటల బండిబాటలును మనకు నేటికిని పరిచితములే.

ఇట్టి బాటలపై నేడు కార్లును తిరుగుచున్నవి. వానిలో కొన్నిటి వెనుక ‘ఆల్ వీల్ డ్రైవ్’ అని వ్రాసియుండును. అట్టి కారు ఎంతటి బురదనైనను, ఎట్టి వాగునైనను దాటునని కొందఱు నమ్ముదురు. అది ధనికుల వేడుకయేయని మరికొందఱు త్రోసివేయుదురు. నమ్మకముగాని నిరాకరణముగాని యంత్రము నెఱిగిన పిమ్మట కలుగుట మేలు. కావున ఆ యంత్రము పనిచేయు తీరును మేమిచట వివరింప బూనితిమి.

మొదట ఒక మూలసూత్రము. చక్రము నేలను పట్టుకొని వెనుకకు నెట్టగా, నేల కారును ముందునకు నెట్టును. నేలపై పట్టు ఎంత గలదో అంతకు మించిన బలమును చక్రము వినియోగింపజాలదు. ఇంజను ఎంత గొప్పదైనను, పట్టు లేనిచో చక్రము ఉన్నచోటనే తిరుగును. మనము చూచు చిన్న కార్లలో చాలవరకు ముందు రెండు చక్రములకే ఇంజను శక్తి చేరును. వెనుకచక్రములు ఊరక దొర్లుచు వెంటవచ్చును.

ఆ రెండు ముందుచక్రముల నడుమ ‘డిఫరెన్షియల్’ అను పండ్లచక్రముల కూర్పు గలదు. మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను. రెండు చక్రముల ఎడము మీటరున్నర యైనచో, లంబకోణపు మలుపులో వెలుపలి చక్రము సుమారు 2.36 మీటర్లు అధికముగా నడచును. ఈ భేదమునకు తావిచ్చుటయే డిఫరెన్షియల్ పని. అయితే దానికొక లోపము గలదు. దానిని తెలిసికొనుటకు ఎడ్ల కాడిని తలచుకొనుడు. నడిమి ఒక్క కట్టుచే నిలిచిన కాడికి ఒక ఎద్దు బలముగా లాగి, రెండవది లాగకున్నచో, కాడి ప్రక్కకు తిరుగును గాని బండి సాగదు. లాగజాలని ఎద్దు ఎంత లాగునో, రెండవదాని బలములోను అంతయే బండికి ఉపయోగపడును. డిఫరెన్షియల్ అట్టి కాడియే. ఎడమచక్రము బురదలో జాఱి తిరుగుచున్నచో, గట్టినేలపై నున్న కుడిచక్రమునకును అల్పబలమే చేరును.

అట్లయిన వెనుకచక్రములను సయితము ఇంజనునకు శాశ్వతముగా బిగింపరాదా యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. మలుపులో ముందుచక్రములు వెనుకచక్రములకంటె పెద్ద వృత్తమున నడచును. ముందు వెనుక ఇరుసుల ఎడము 2.6 మీటర్లనుకొనుడు. వెనుక ఇరుసు నడిమిభాగము 6 మీటర్ల వ్యాసార్ధమున తిరిగినచో, పైథాగరసు సిద్ధాంతము ననుసరించి ముందు ఇరుసు నడిమిభాగము సుమారు 6.54 మీటర్ల వ్యాసార్ధమున తిరుగును. పూర్తి చుట్టునకు భేదము సుమారు 3.4 మీటర్లు. రెండిరుసులను ఒక్కటిగా బిగించినచో తారురోడ్డుపై టైర్లు ఈడ్వబడి అరుగును, పండ్లచక్రములు బిగుసుకొనును. పాత జీపులలో నడుపువాడు బురదలో మీటను లాగి రెండిరుసులను కలుపుటయు, గట్టిరోడ్డు చేరగనే విడదీయుటయు ఇందులకే.

అవసరమునకు మాత్రమే వెనుకచక్రములను కలుపు కార్లలో ఈ పనిని యంత్రమే చేయును. ముందున్న గేరుపెట్టె నుండి ఒక పొడవైన షాఫ్టు కారు అడుగున వెనుకకు పోవును. వెనుక డిఫరెన్షియల్‌ను చేరుటకు ముందు దానికొక క్లచ్చు అడ్డముగా నుండును. ఇందు నూనెలో మునిగిన పలుచని బిళ్ళలు వరుసగా గలవు. ఒక బిళ్ళ షాఫ్టునకు చేరినదైనచో, దాని ప్రక్కది వెనుక డిఫరెన్షియల్‌కు చేరినది, తక్కినవియు నిట్లే. బిళ్ళలు వదులుగా నున్నంతవఱకు ఒకదానిపై నొకటి జాఱును. వెనుకకు శక్తి పోదు. వానిని నొక్కినకొలది ఘర్షణము హెచ్చి శక్తి ప్రసరించును. మలుపులో కొంచెము జాఱుటకును తావుండుటచే టైర్లు ఈడ్వబడవు.

ఈ బిళ్ళలను నొక్కువారెవరు? 1995లో వెలువడిన హోండా సీఆర్‌వీ కారులో రెండు నూనెపంపులుండెను. ఒకటి ముందుచక్రములతోడను, రెండవది వెనుకచక్రములతోడను తిరుగును. రెండును సమవేగమున తిరుగునపుడు ఒకటి పంపిన నూనెను రెండవది పీల్చుకొనును. ముందుచక్రములు జాఱి వేగముగ తిరిగినచో నూనె మిగిలి, ఒత్తిడి పుట్టి, బిళ్ళలను నొక్కును. తరువాతి కార్లలో ఈ నిర్ణయము కంప్యూటరునకు అప్పగింపబడినది. ప్రతి చక్రము కడ దాని వేగమును తెలుపు సాధన మొకటి యుండును. ఆ వేగములను, స్టీరింగు తిరుగుడును, యాక్సిలరేటరుపై నడుపువాని పాదమును గమనించి, కంప్యూటరు విద్యుదయస్కాంతముచేతనో, నూనె ఒత్తిడిచేతనో బిళ్ళలను నొక్కించును. మన దేశమున 2014లో వచ్చిన రెనో డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్ కారులోను, 2022లో వచ్చిన మారుతీ సుజుకీ గ్రాండ్ విటారా కార్లలో కొన్నిటిలోను ఇట్టి ఏర్పాటు గలదు. ‘ఆటో’ అను స్థానమున కంప్యూటరే నిర్ణయించును. ‘లాక్’ అను స్థానమున తక్కువ వేగములో బిళ్ళలు గట్టిగా నొక్కబడియుండును.

ఇందలి లాభమును లెక్కలో చూతము. కారు బరువు 1500 కిలోలు. అందు ముందుచక్రములపై 900, వెనుకచక్రములపై 600 అనుకొనుడు. తడిరేగడిపై పట్టు బరువులో అయిదవవంతు అనుకొనుడు. అప్పుడు ముందుచక్రములు 180, వెనుకచక్రములు 120 కిలోల బరువునకు సమానమైన బలముతో లాగగలవు. కాలువగట్టు నెక్కుటకు 220 కావలసియున్నచో, ముందుచక్రములు మాత్రమే లాగు కారు నిలిచిపోవును. నాలుగును లాగు కారు 300 వఱకు లాగగలదు గనుక ఎక్కును.

ఇక ఆగుట సంగతి వేరు. ప్రతి కారునకును బ్రేకులు నాలుగు చక్రములకును గలవు. కావున ఆగుటకు పై రెండు కార్లకును గల పట్టు 300 మాత్రమే. బయలుదేరుటలో నున్న ఆధిక్యము ఆగుటలో లేదు. పైగా, కారు సులభముగా కదలుటచే నేల ఎంత జాఱుడుగా నున్నదో నడుపువానికి తెలియకపోవచ్చును. ఇదియే అపాయము.

వాగు విషయమున ఈ అపాయము మిక్కిలి ఘోరము. కారు అడుగుభాగము 4 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు గలదనుకొనుడు. అడుగునకు పైగా నీరు 10 సెంటీమీటర్లు లేచినచో, కారు తొలగించిన నీరు 600 లీటర్లు. అనగా ఆర్కిమిడీసు సూత్రముచే 600 కిలోల బరువు నీటిచే మోయబడును. నీరు 20 సెంటీమీటర్లు లేచినచో 1200 కిలోలు పోయి, నీరు లోపలికి చొరబడువఱకు, చక్రములపై 300 కిలోలు మాత్రమే మిగులును. పట్టు బరువుపై ఆధారపడును గదా! బరువే తేలిపోయినపుడు నాలుగు చక్రములు తిరిగినను ఫలమేమి? ప్రవాహము కారును ప్రక్కకు త్రోసికొనిపోవును.

ఇట్టి కార్లు గల గృహస్థులకు మూడు సూచనలు. నాలుగు టైర్లును ఒకే కొలతవియు, సమానముగా అరిగినవియు నుండవలెను; లేనిచో చక్రముల వేగములు భేదించి క్లచ్చు ఎడతెగక రాపిడి చెందును. బురదలో చిక్కినపుడు ఇంజనును చిరకాలము రేపరాదు. క్లచ్చు వేడెక్కినచో కంప్యూటరు దానిని కాపాడుటకై విడదీయును, అప్పుడు కారు ముందుచక్రములతోనే మిగులును. కారు చెడినపుడు రెండు చక్రములను మాత్రమే పైకెత్తి ఈడ్పింపక, నాలుగింటిని లారీపై కెక్కించి తరలించుట క్షేమము.

విద్యార్థులారా! ఈ యంత్రము ఉన్న పట్టును నాలుగు చక్రములచేతను వినియోగింపజేయును. లేని పట్టును పుట్టింపజాలదు. వానకాలమున వంతెనపై నీరు పారుచుండగా, మన కారు నాలుగు చక్రములది గదా యని పెద్దలు ముందుకు సాగదలచినచో, పై లెక్కను వారికి వినయముతో వినిపింపుడు. నీరు తీయువఱకు గట్టున నిలిచి వేచియుండుట మన చదువునకు తగిన పని.