కోడు ముందు, ఫీజు తర్వాత

జూన్ వచ్చిందంటే రాజమండ్రి దేవీచౌక్ నుంచి కాకినాడ భానుగుడి దాకా ఫ్లెక్సీలు మారిపోతాయి. ర్యాంకుల ఫొటోలు పక్కకు జరిగి, ‘ఆరు నెలల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం’ అంటూ ఐడీ కార్డులు మెడలో వేసుకున్న కుర్రాళ్ల ఫొటోలు వెలుస్తాయి. నిన్నటిదాకా ఫుల్‌స్టాక్, డేటా సైన్స్. ఇప్పుడు జెనరేటివ్ ఏఐ. ఏ బ్రాంచ్ అయినా సరే, బ్యాక్‌లాగులున్నా సరే, చదువులో గ్యాప్ వచ్చినా సరే అంటారు. సివిల్ పూర్తిచేసి ఖాళీగా ఉన్న అమలాపురం కుర్రాడు, బీఈడీ చెయ్యాలా గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్లాలా అని ఊగిసలాడుతున్న తణుకు బీఎస్సీ అమ్మాయి ఆ ఫ్లెక్సీ ముందు ఒక్క నిమిషం ఆగకుండా ఎలా ఉంటారు? ఆగండి, తప్పులేదు. బూట్‌క్యాంపు అని పిలిచే ఇలాంటి కోర్సులో చేరినా తప్పులేదు. కాకపోతే ఫీజు కట్టే ముందు మూడు నెలలు ఇంట్లో కూర్చుని సొంతంగా కోడు రాయండి. చేరాలో వద్దో అప్పుడు తేల్చుకోండి.

నిజానికి ఈ వ్యవహారం తెలుగువాళ్లకు కొత్త కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దేవ్ బూట్‌క్యాంప్ మొదలైంది 2012లో. 2017కల్లా మూతపడింది కూడా. అది పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే అమీర్‌పేటలో ఇదే పని జరుగుతోంది. వై2కే రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్స్, తర్వాత ఒరాకిల్, జావా, డాట్‌నెట్, టెస్టింగ్. గోదావరి జిల్లాల పిల్లలు గౌతమిలోనో, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లోనో తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగి, ఎస్సార్‌నగర్ హాస్టల్లో పెట్టె పడేసి, మైత్రీవనం చుట్టుపక్కల ఫ్రీ డెమో క్లాసులన్నీ తిరిగి, నచ్చిన సారు దగ్గర చేరేవారు. ఆ సారు నోట్సు జిరాక్స్ షాపులో అమ్మేవారు. రెండు నెలల కోర్సుకి ఫీజు వేలల్లో ఉండేది. సారు బాగా చెప్పకపోతే పక్క బిల్డింగుకి మారిపోయేవారు. ఇప్పుడు ఫీజు లక్ష దాటింది, దానికి తోడు అప్పు వచ్చింది. నా దృష్టిలో అసలు తేడా సిలబస్‌లో లేదు, ఇక్కడే ఉంది. వేలల్లో పోతే బాధపడి ఊరుకుంటాం. లక్షన్నర అప్పు అయితే రెండు మూడేళ్లు వెంటాడుతుంది.

వాళ్లు అమ్మేదేమిటో కూడా చూద్దాం. పాఠాలైతే కాదు. హార్వర్డ్ వారి సీఎస్50, ఫ్రీకోడ్‌క్యాంప్, ద ఓడిన్ ప్రాజెక్ట్, మన ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. తెలుగులో చెప్పే యూట్యూబ్ చానళ్లకూ కొదవ లేదు. మీరు డబ్బులిచ్చి కొనేది మూడింటిని: రోజూ కూర్చోబెట్టే టైమ్‌టేబుల్, తప్పు దగ్గర ఆగిపోతే చెప్పే మనిషి, చివర్లో వచ్చే ఇంటర్వ్యూ కాల్స్. ఈ మూడూ ఇవ్వగలిగిన సంస్థ విలువైనదే. 2020లో హైదరాబాద్‌లో మొదలైన నెక్స్ట్‌వేవ్, 2019లో బెంగళూరులో మొదలైన మసాయ్ స్కూల్ లాంటివి పెరిగింది ఈ అవసరం మీదే. అయితే ఈ మూడింటిలో మొదటిది మీకు నిజంగా అవసరమో లేదో తెలియాలంటే సొంతంగా ప్రయత్నించి చూడాలి కదా?

మూడు నెలలు ఏం చెయ్యాలంటే, పైథాన్, ఎస్‌క్యూఎల్. మొదట్లో ఇంకేమీ వద్దు. టు-డూ యాప్, వాతావరణం యాప్, నెట్‌ఫ్లిక్స్ క్లోన్ లాంటివి అసలు వద్దు. అవి ప్రతి రెజ్యూమెలోనూ ఉంటాయి. మీ ఊరి లెక్క ఒకటి తీసుకోండి.

2025–26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన దగ్గర లెక్కంతా బస్తాల్లో, బస్తా అంటే 75 కిలోలు. అంటే బస్తాకి 1,776 రూపాయల 75 పైసలు. రైతు పేరు, తోలిన బస్తాలు ఇస్తే రావాల్సిన డబ్బు చెప్పే ప్రోగ్రామ్ రాయండి. ఇరవై లైన్లు కూడా ఉండదు. కానీ మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. కీబోర్డు నుంచి తీసుకున్న 40ని పైథాన్ సంఖ్య అనుకోదు, రెండు అక్షరాలు అనుకుంటుంది. మొదటి విడత 40 బస్తాలు, రెండో విడత 35 తోలిన రైతుకి కూడిక 75 రావాలి. తెర మీద మాత్రం 4035 అని కనిపిస్తుంది. దాన్ని ధరతో గుణించబోతే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. అప్పుడు మీరేం చేస్తారన్నదే అసలు పరీక్ష. ఎర్రర్‌లో ఏం రాసుందో అక్షరం అక్షరం చదివి, వెతికి, ఆ అక్షరాలను ముందు సంఖ్యగా మార్చాలని తెలుసుకుని, 1,33,256 రూపాయల 25 పైసలు అని సరిగ్గా వచ్చినప్పుడు గుర్రుమన్న కోపం పోయి సరదా పుట్టిందా? ఈ పని మీకు పడుతుంది. ల్యాప్‌టాప్ మూసేసి మూడు రోజులు దాని జోలికి పోలేదా? అదీ విలువైన సమాచారమే, పైగా ఉచితంగా వచ్చింది.

రెండో నెల ఆ లెక్కను టేబుల్స్‌లోకి ఎక్కించండి. రైతులు ఒక టేబుల్, తోలిన బస్తాలు ఇంకో టేబుల్, జమ అయిన డబ్బు మూడోది. పేరుతో కలుపుదామనుకుంటారు. మన ఊళ్లల్లో సత్యనారాయణ ఒక్కడే ఉంటాడా? ఇంటిపేరూ ఒకటే అయిన ఇద్దరు సత్యనారాయణలు ఉంటారు, ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో కనిపిస్తుంది. ప్రతి రైతుకీ ఒక నంబరు ఉండాలని అప్పుడు మీకే తడుతుంది. ఆ నంబరునే ప్రైమరీ కీ అంటారు. దాని గురించి పుస్తకంలో పదిసార్లు చదివినా ఇంతలా ఎక్కదు. భీమవరం వైపువాళ్లు రొయ్యల చెరువు తీసుకోవచ్చు: ఎన్ని లక్షల సీడ్ వేశారు, రోజూ మేత ఎంత, పట్టుబడికి కౌంట్ ఎంత వచ్చింది, ఆ కౌంట్‌కి ధర ఎంత. కడియం వాళ్లకి నర్సరీల స్టాకు ఉంది. మూడో నెలలో దీనికి ఒక మామూలు వెబ్ పేజీ కట్టి గిట్‌హబ్‌లో పెట్టండి.

‘ఇదంతా ఏఐ నిమిషంలో రాసేస్తుంది కదండీ’ అని అడగొచ్చు. రాసేస్తుంది. అందుకే ఇంటర్వ్యూల్లో రాసిన కోడును వివరించమని అడగడం పెరిగింది. ఇద్దరు సత్యనారాయణల సంగతి సొంత అనుభవంగా చెప్పగలిగిన కుర్రాడు అక్కడ నిలబడతాడు. నెట్‌ఫ్లిక్స్ క్లోన్ దించుకున్నవాడు రెండో ప్రశ్నకే నీళ్లు నములుతాడు.

మూడు నెలలు గడిచాయి, ఇష్టం ఉందని తేలింది, ఒంటరిగా మాత్రం ముందుకు సాగడం లేదు. అప్పుడు బూట్‌క్యాంపు గురించి ఆలోచించండి. వెబ్‌సైట్‌లో నంబరు ఇచ్చిన అరగంటలో కౌన్సెలర్ ఫోన్ చేస్తారు. మాట మర్యాదగానే ఉంటుంది. ‘నాన్నగారు పక్కనున్నారాండీ? ఒక్కసారి ఫోన్ ఇవ్వండి’ అంటారు. స్కాలర్‌షిప్ ఈ రాత్రి పన్నెండింటిదాకానే అంటారు. ఆ రాత్రి దాటనివ్వండి, మర్నాడు వాళ్లే మళ్లీ చేస్తారు. మీరు మాత్రం ఒక ప్రశ్న వదలొద్దు: ‘పోయినేడాది ఈ కోర్సులో ఎంతమంది చేరారు, అందులో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది?’ వాళ్లు చెప్పే 90 శాతం చేరినవాళ్లందరి మీదా లెక్కా, లేక కోర్సు పూర్తిచేసి, అన్ని పరీక్షలూ దాటి, ‘అర్హత’ పొందినవాళ్ల మీదా? వందమంది చేరితే నలభైమందే చివరిదాకా మిగిలి, వాళ్లలో ముప్పై ఆరుగురికి ఉద్యోగాలొచ్చినా పోస్టరు మీద 90 శాతమే ఉంటుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలో పేరు మోసిన లాంబ్డా స్కూల్ తర్వాత బ్లూమ్‌టెక్‌గా మారింది. 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలని ప్రచారం చేసుకుంది. లోపలి లెక్కల్లో అది 50 శాతం దగ్గరే ఉందని, ఒక దశలో 30 శాతానికీ పడిందని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 ఏప్రిల్‌లో తేల్చి, ఇకమీదట విద్యార్థులకు అప్పులివ్వకుండా శాశ్వతంగా నిషేధించింది. ‘ఉద్యోగం వచ్చాకే కట్టండి’ అన్న వాళ్ల ఒప్పందం కూడా అప్పేనని, అందులో సగటున 4,000 డాలర్ల అదనపు భారం దాగి ఉందని చెప్పింది. మన దేశంలోనూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలిచ్చింది. ఉద్యోగం గ్యారంటీ అంటూ తప్పుడు హామీలు ఇవ్వకూడదు. మోసపోయామనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అప్పు గురించి ఇంకాస్త వివరంగా చెప్పాలి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అంటారు గానీ, అది కిస్తీల్లో ఫీజు కట్టడం కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ మీ ఫీజు మొత్తం సంస్థకి ముందే ఇచ్చేస్తుంది. అక్కడినుంచి మీరు బాకీపడేది ఫైనాన్స్ కంపెనీకి. సంస్థ క్లాసులు ఆపేసినా, మీరు మధ్యలో మానేసినా నెలనెలా ఖాతాలోంచి డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. విద్యార్థికి ఆదాయం ఉండదు కాబట్టి సాధారణంగా సంతకం నాన్నగారిది. కిస్తీలు తప్పితే పడిపోయేది ఆయన సిబిల్ స్కోరు. వచ్చే సార్వాకి బ్యాంకులో పంట రుణం అడిగినప్పుడు ఆ స్కోరే ముందుకొస్తుంది. మీ కోర్సుకీ ఇంటి వ్యవసాయానికీ లంకె ఇలా పడుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పు ఇచ్చేవాళ్లు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలి, అందులో ఏడాదికి అసలు పడే వడ్డీ శాతం ఉండాలి. అప్పు తీసుకున్నాక మనసు మారితే జరిమానా లేకుండా వెనక్కిచ్చేసే గడువు కనీసం ఒక రోజు ఉండాలి. ఓటీపీ చెప్పే ముందు ఆ కాగితం అడగండి. ఇవ్వకపోతే ఫోన్ పెట్టేయండి.

ఇంకొకటి, హైదరాబాద్‌లో గుసగుసగా నడిచేది: దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటరు, డబ్బు కడితే ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం. దీని మీద నాకు రెండో మాట లేదు, వద్దు. పీఎఫ్ యూఏఎన్ నంబరు ఉన్నాక మీరు ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో కంపెనీకి తెలియడానికి క్షణం పట్టదు. వెరిఫికేషన్‌లో దొరికితే ఆ ఉద్యోగం పోవడమే కాదు, ఆ కంపెనీ తలుపు మళ్లీ తెరుచుకోదు.

ఉద్యోగాల మార్కెట్ కూడా 2021 నాటిలా లేదు. టీసీఎస్‌లో 2023–24లో ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఇంజనీరింగ్ ఫ్రెషర్ జీతం ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే ఏళ్ల తరబడి నిలబడిపోయింది. 2024లో కాగ్నిజెంట్ 2.52 లక్షలు ఇస్తోందని సోషల్ మీడియాలో గోల లేస్తే, అది ఇంజనీర్లకు కాదు, మామూలు డిగ్రీ వాళ్లకని కంపెనీ వివరణ ఇచ్చింది. బీఎస్సీ, బీకాం చదివినవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకుని ఫీజు లెక్క వేసుకోండి. నెలకి చేతికొచ్చే పద్దెనిమిది, ఇరవై వేలల్లోంచి హాస్టల్, భోజనం, బస్సు పోగా ఎంత మిగులుతుంది, కిస్తీ ఎంత?

బూట్‌క్యాంపులే కాదు, కంపెనీయే నేర్పే దారులూ ఉన్నాయి. మన డెల్టాకి అది తెలుసు. భీమవరం ప్రాంతానికి చెందిన సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం బైర్రాజు ఫౌండేషన్ తరఫున జల్లికాకినాడ, ఈతకోట లాంటి ఊళ్లలో ‘గ్రామ్‌ఐటీ’ పెట్టి, ఊరి పిల్లలకి నేర్పించి ఊళ్లోనే బీపీవో పని ఇచ్చింది. ఇప్పుడు బీసీఏ, బీఎస్సీ వాళ్లకి విప్రో ‘విల్ప్’ ఉంది, పని చేస్తూ ఎంటెక్ చెయ్యొచ్చు. ఏళ్ల తరబడి ఉండే ఒప్పందం మాత్రం చదివి సంతకం పెట్టండి. ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్లకి హెచ్‌సీఎల్ టెక్‌బీ ఉంది, ఆ కంపెనీ క్యాంపస్ గన్నవరం దగ్గరే. విశాఖలో టీసీఎస్‌కి 2025లో రాష్ట్ర ప్రభుత్వం 99 పైసలకే 21.16 ఎకరాలు కేటాయించింది. రాజమండ్రి నుంచి విశాఖ నాలుగు గంటల ప్రయాణం. రెండేళ్ల తర్వాత మన పిల్లలు హైదరాబాద్ రైలే ఎక్కాలన్న రూలు ఉండకపోవచ్చు.

చివరిగా ఒక మాట విద్యార్థులకి కాదు, భీమవరం, సూరంపాలెం, కాకినాడ, తాడేపల్లిగూడెంలలో చదివి ఇవాళ హైటెక్ సిటీలోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లకి. క్యాంపస్ డ్రైవ్ రాని కాలేజీ పిల్లలకి ఇంటర్వ్యూ దొరకాలంటే రిఫరల్ కావాలి. లింక్డ్‌ఇన్‌లో మీ ఊరి జూనియర్ పెట్టిన మెసేజ్ చూసీ చూడనట్టు వదిలేయకండి. గిట్‌హబ్ లింకు తెరిచి పది నిమిషాలు ఆ కోడు చూడండి. బాగుంటే రిఫర్ చెయ్యండి, బాగోకపోతే ఏం బాగోలేదో రెండు ముక్కలు రాసి పంపండి.