మాన్సన్ తలుపు తట్టిన రాస్

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో జేబీఎస్ బస్సు కోసం నిలబడ్డ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నీట్‌లో ర్యాంకు రాలేదని మనసు చిన్నబుచ్చుకున్నారా? మీ బస్సు చేరే సికింద్రాబాద్ పక్కనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ పట్టాడు. 1902లో నోబెల్ అందుకున్నాడు.

వైద్యం అతను కోరుకున్న చదువు కాదు. తండ్రి పట్టుబడితే చేరాడు. ఒక అర్హత పరీక్ష రెండోసారికి గానీ గట్టెక్కలేదు. పైగా, మలేరియా క్రిమిని లావెరాన్ అనే వైద్యుడు 1880లోనే కనిపెట్టినా, రాస్ నమ్మలేదు. తన కంటికి కనబడలేదు కాబట్టి లేదని వ్యాసాలు కూడా రాశాడు.

నన్నడిగితే అతని గొప్పతనం ఆ తర్వాత చేసిన పనిలో ఉంది. 1894లో సెలవు మీద లండన్ వెళ్లి పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడి తలుపు తట్టాడు. మాన్సన్ రక్తపు చుక్కలో క్రిమిని చూపించాడు. అప్పటికి రాస్‌కు 36 ఏళ్లు. అచ్చయిన తన మాటను పట్టుకుని వేలాడలేదు. మరుసటి ఏడాది సికింద్రాబాద్ వచ్చి, ఆ క్రిమి దోమలో ఉంటుందేమోనని దోమలు కోయడం మొదలుపెట్టాడు. దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేయించుకోలేదు. నుదుటి చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. ఆ ప్రయోగం కోసం దోమల చేత కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్‌ను మాత్రం మనం దాదాపు మరిచిపోయాం. అది అన్యాయం.

తన మాటను పట్టుకుని వేలాడని రాస్ గుణమే నేటి అంటువ్యాధుల నిపుణులకూ ప్రాణం. ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్ కలిపి ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం మరో మూడేళ్లు చదివి కూడా, జ్వరంతో వచ్చినవాళ్లను పొలం, పశువులు, తాగే నీళ్లు, చేసిన ప్రయాణాలు అన్నీ అడుగుతారు. డెంగీ అనుకున్నది స్క్రబ్ టైఫస్ కావచ్చు. నిన్న తామే రాసిన యాంటీబయాటిక్‌ను ఇవాళ కల్చర్ రిపోర్టు చూసి ఆపేస్తారు. చిన్నతనం అనుకోరు.

ఏ చదువైనా సరే, మీకు అర్థం కాక "అదంతా ఉత్తదే" అని కొట్టిపారేసిన పాఠం ఒకటి ఉంటుంది. అది బాగా తెలిసినవాళ్లు సిద్దిపేట మెడికల్ కాలేజీలో ఉండొచ్చు, గజ్వేల్‌లో మీ పాత సారే కావొచ్చు. ఈ వారమే వెళ్లండి. వాదించకండి, చూపించమని అడగండి. కనబడకపోతే, "ఇంకోసారి చూపించండి సార్" అనండి.