మార్కులు వేయని సారు

బడిలో పెద్దలందరూ పిల్లల్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. హోంవర్కు ఏది, నోట్సు ఏది, నిన్న ఎందుకు రాలేదు? లైబ్రేరియన్‌కు ఆ అవసరం లేదు, మార్కులు వేసే పనీ లేదు. పిల్లలకు దగ్గర కావడానికి బడిలో ఇంతకంటే మంచి ఉద్యోగం ఇంకొకటి ఉండదు. అయినా ఆ అదృష్టాన్ని చాలామంది ‘సైలెన్స్’ అన్న ఒక్క కేకతో పోగొట్టుకుంటారు.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ప్రభుత్వ బడుల్లో లైబ్రేరియన్ అంటే చాలాచోట్ల తెలుగు సారో, హిందీ మేడమో. పీరియడ్ల మధ్య బీరువా తాళంచెవి మోసేది వాళ్లే. వాళ్లకు ముందుగా చెప్పాల్సింది ఇదే: ఆ గదిలో టీచరుగా ఉండకండి. పొద్దున పద్యం అప్పజెప్పలేక నిలబడ్డ పిల్లవాడు మధ్యాహ్నం బొమ్మల పుస్తకం కోసం వస్తే, పొద్దుటి సంగతి ఎత్తొద్దు. చదివి తెచ్చిన కథలో నీతి ఏమిటని అడగొద్దు. అడిగారా, రెండో పుస్తకానికి రాడు.

పేర్లు గుర్తుంచుకోమని అందరూ చెబుతారు. మంచిదే, కానీ పేరు హాజరుపట్టీలోనూ ఉంటుంది. ఆ పిల్లకు ఏం తెలుసో గుర్తుంచుకోండి. ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి ఊళ్లో, ఇంట్లో కండెలు చుట్టే పిల్లను ‘పడుగుకూ పేకకూ ఒకే నూలు వాడతారా అమ్మా?’ అని అడిగి చూడండి. తెలుసుకోవడానికే అడగాలి సుమా, నటిస్తే ఇట్టే పట్టేస్తారు. ఆదోని జిన్నింగ్ మిల్లుకు వెళ్లే నాన్న ఉన్న పిల్లవాడికి పత్తి నుంచి గింజ ఎలా విడిపోతుందో మీకన్నా బాగా తెలిసి ఉండొచ్చు. ముందు మీరు వాడి మాట వింటే, తర్వాత మీరిచ్చిన పుస్తకం వాడు తెరుస్తాడు.

భాష సంగతి ఇంకొకటి. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఇంట్లో కన్నడమో ఉర్దూయో మాట్లాడే పిల్లలు ఇప్పటికీ తెలుగు మీడియం బెంచీల మీద కూర్చుంటారు. తెలుగిళ్ల పిల్లలకు కూడా పుస్తకాల తెలుగు సగం పరాయిదే. అందుకే చదివి వినిపించేటప్పుడు ‘వచ్చినాడు, పోయినాడు’ అని సీమ మాటల్లో చెప్పండి. కర్నూలు రచయిత ఎం. హరికిషన్ పిల్లల కోసం రాసిన జానపద కథలు బీరువాలో ఉంటే పని సగం అయినట్టే. కన్నడ, ఉర్దూ పుస్తకాలు కూడా కొన్ని తెప్పించి, ఆ పిల్లల చేతే చదివించుకోండి. మీకు ఆ లిపి రాకపోతే మరీ మంచిది, ఆ కాసేపు గురువు వాళ్లే.

అసలు పరీక్ష సుగ్గి కాలంలో వస్తుంది. కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు పల్లెల నుంచి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు కదులుతాయి. కొందరు పిల్లలు వెంట పోతారు, కొందరు అవ్వ దగ్గర మిగులుతారు. మిగిలినవాళ్ల కోసం బడి వదిలాక ఇంకాసేపు గది తెరిచి ఉంచండి. పోయేవాళ్లకు పోకముందే పుస్తకం ఇవ్వండి. తిరిగొచ్చేసరికి క్లాసులో పాఠాలు దాటిపోయి ఉంటాయి, పక్కన కూర్చునేవాడు మారిపోయి ఉంటాడు. లైబ్రరీలో మాత్రం వెనకబడటమన్నది లేదు. అందుకే వాడితో మొదటి మాట ‘పుస్తకం ఏదప్పా?’ అని కాకుండా, ‘ఎప్పుడొచ్చినారప్పా, అందరూ బాగుండారా?’ అని ఉండాలి.

పుస్తకం పోతే ఎలా? బీరువాలకు తాళం వేయించేది ఈ భయమే. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. నీళ్ల మీద తిరిగిన పుస్తకాల కన్నా మిరప చేనుకు పోయే పుస్తకానికి గండం ఎక్కువేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు (2017) కూడా ఏడాదిలో 1,000 పుస్తకాలు చేతులు మారితే 5 పోవడం సహజమేనంటాయి, మోసమో నిర్లక్ష్యమో కారణం కానంతవరకు. రాష్ట్ర బడులకు ఆ రూలు నేరుగా వర్తించదు. అయినా హెడ్మాస్టరు దగ్గర ఆ లెక్క ముందే మాట్లాడి పెట్టుకుంటే మీ గుండె దడ తగ్గుతుంది, తాళమూ వదులవుతుంది.

సుగ్గి నుంచి వచ్చిన పిల్లవాడికి మొదటి వారం ఇష్యూ రిజిస్టరు రాసే పని అప్పగించండి. పని ఉన్నవాడు గదిలోకి రావడానికి సాకు వెతుక్కోనక్కర్లేదు, పుస్తకం తేలేదని తప్పించుకు తిరగనక్కర్లేదు. రాత గజిబిజిగా ఉందని మాత్రం రిజిస్టరు లాక్కోకండి.