కార్జాన్ని కాపాడుకుందాం

మేకను కోసినప్పుడు కార్జం చూసే ఉంటారు. ముదురు ఎరుపు రంగులో మెత్తగా ఉంటుంది. మనిషికీ కార్జం ఉంది. కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. దీన్నే కాలేయం అంటారు. డాక్టర్లు లివర్ అంటారు. పెద్దవాళ్ళలో అది సుమారు ఒకటిన్నర కిలో తూగుతుంది.

కాలేయానికి చాకిరీ ఎక్కువ. తిన్న తిండిలోని సారాన్ని దాచిపెడుతుంది. ఒంట్లో చేరిన విషాన్ని విరిచేస్తుంది. కొవ్వు అరగడానికి పైత్యరసం తయారు చేస్తుంది. దెబ్బ తగిలితే నెత్తురు గడ్డకట్టాలి కదా, దానికి కావలసినవీ అదే చేస్తుంది.

ఇంటి ఇల్లాలిలాగే కాలేయం కూడా ఓర్చుకుంటుంది. చాలావరకు పాడైనా పైకి చెప్పదు. కాళ్ళు వాచి, పొట్టలో నీరు చేరి, నెత్తురు కక్కుకునేసరికి ఆలస్యం అయిపోతుంది.

కళ్ళు పచ్చబడితే

సత్తెనపల్లి దగ్గర మిరపకోతల్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"ఏం వదినా, అన్నయ్య కళ్ళు పచ్చగా ఉన్నాయే?"

"కామెర్లమ్మా. రేపు పొద్దున్నే పరగడుపున పసరు పోయించాలి."

"ముందు సత్తెనపల్లి ఆసుపత్రికి తీసుకుపోయి నెత్తురు పరీక్ష చేయించు."

"ఎందుకూ? నిరుడు మా మరిదికి పసరుతోనే తగ్గిందిగా!"

ఈ మాట మనం చాలాసార్లు వింటాం. ఇందులో ఒక చిక్కు ఉంది. కామెర్లు ఒక్క జబ్బు కాదు. చాలా జబ్బులకు అది గుర్తు.

కాలేయం వాచే జబ్బును హెపటైటిస్ అంటారు. అందులో ఏ, ఇ రకాలు మురికి నీళ్ళ వల్ల, శుభ్రం లేని తిండి వల్ల వస్తాయి. ఇవి చాలామందికి కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. అదే సమయంలో పసరు తాగితే, పసరే తగ్గించిందని అనుకుంటాం.

కామెర్లు బి రకం వల్ల రావచ్చు. తాగుడు వల్ల రావచ్చు. పైత్యరసం దారిలో రాయి అడ్డుపడి రావచ్చు. వీటికి పసరు పనిచేయదు. రోజులు మాత్రం గడిచిపోతాయి. కొన్ని ఆకుల మందులు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. వాతలు పెడితే పుండు మిగులుతుంది, జబ్బు పోదు.

గర్భిణికి ఇ రకం కామెర్లు వస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఒక్క రోజు కూడా ఆగకూడదు.

నెత్తురుతో వచ్చేవి

బి, సి రకాలు నెత్తురు ద్వారా వస్తాయి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే వస్తాయి. పరీక్ష చేయని నెత్తురు ఎక్కిస్తే వస్తాయి. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తాయి. బి రకం భార్యాభర్తల కలయిక వల్ల కూడా వస్తుంది. ఒక పళ్ళెంలో తింటే రావు. పక్కన కూర్చుంటే రావు. రోగిని దూరం పెట్టకూడదు.

పుట్టినప్పుడు బి రకం సోకిన బిడ్డల్లో 10 మందికి 9 మందిలో అది ఒంట్లోనే ఉండిపోతుంది. పెద్దయ్యాక కాలేయం గట్టిపడవచ్చు, క్యాన్సరు రావచ్చు. దీన్ని ఆపే టీకా ఉంది.

మన దగ్గర తయారైన టీకా

ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచి వచ్చేది. ఒక్క సూదికి వందల రూపాయలు అయ్యేది. కూలి చేసుకునే తల్లి ఎక్కడ కొనగలదు?

నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాదులో ఒక కంపెనీ పెట్టారు. దానికి తన తల్లి పేరు కలిసేలా శాంతా బయోటెక్నిక్స్ అని పేరు పెట్టారు. అక్కడి శాస్త్రవేత్తలు ఈస్టు అనే సూక్ష్మజీవి సాయంతో ఈ టీకా తయారు చేశారు. 1997లో టీకా బజారులోకి వచ్చింది. ధర బాగా పడిపోయింది.

ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ టీకా ఉచితం. బిడ్డ పుట్టిన 24 గంటల లోపల మొదటి సూది వేయాలి. తర్వాత ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు వేసే సూదుల్లో కూడా ఈ టీకా కలిసి ఉంటుంది. కాన్పు హడావిడిలో మొదటి రోజు సూది మరచిపోవద్దు. అమ్మమ్మ అయినా, నాయనమ్మ అయినా నర్సమ్మను అడగాలి.

కొత్త మందులు

సి రకానికి టీకా లేదు. కాని మందు ఉంది. ఈ సూక్ష్మజీవిని కనిపెట్టిన పరిశోధనకు 2020లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. దీన్ని తగ్గించే బిళ్ళ 2013లో అమెరికాలో వచ్చింది. ధర చాలా ఎక్కువ. 2015లో హైదరాబాదు కంపెనీ నాట్కో అదే మందును తక్కువ ధరకు తెచ్చింది. సుమారు 12 వారాలు బిళ్ళలు మింగితే నూటికి 90 మందికి పైగా నయమవుతుంది. బి రకాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. అదుపులో ఉంచే బిళ్ళలు ఉన్నాయి. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద పరీక్షలు, మందులు ఉచితం.

కాలేయం మార్పిడి

కాలేయం పూర్తిగా చెడితే వేరే కాలేయం పెట్టడం ఒక్కటే దారి. 1963లో అమెరికాలో డాక్టర్ స్టార్జల్ మొదటిసారి ఈ ఆపరేషన్ చేశారు. ఆ రోగి బతకలేదు. డాక్టర్లు వదిలిపెట్టలేదు. 1967 నుంచి ఫలితాలు రావడం మొదలైంది.

మన దేశంలో 1998లో ఢిల్లీలో 20 నెలల బిడ్డకు తండ్రి కాలేయంలో ముక్క తీసి పెట్టారు. ఆ బిడ్డ బతికి, పెద్దయ్యాక డాక్టరు అయ్యాడు.

కాలేయానికి ఒక గొప్ప గుణం ఉంది. కొంత కోసి ఇచ్చినా మళ్ళీ పెరుగుతుంది. ఇచ్చినవారిలోనూ పెరుగుతుంది, పెట్టించుకున్నవారిలోనూ పెరుగుతుంది. మెదడు చచ్చిపోయినవారి కాలేయం కూడా ఇంటివాళ్ళు ఒప్పుకుంటే ఇవ్వవచ్చు. ఇందుకోసం 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ పథకం మొదలైంది.

అయితే ఈ ఆపరేషన్‌కు లక్షల ఖర్చు. ఇచ్చేవారు దొరకాలి. తర్వాత బతికినంత కాలం మందులు వాడాలి. అక్కడిదాకా పోకుండా చూసుకోవడమే మేలు.

తాగుడు మానితే

రోజూ తాగితే కాలేయంలో ముందు కొవ్వు పడుతుంది. ఆ దశలోనే మానేస్తే మళ్ళీ బాగుపడుతుంది. మానకపోతే గట్టిపడి ముడుచుకుపోతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా వద్దని లేచారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాను నిషేధించారు. తాగనివారికి కూడా చక్కెర జబ్బు, మితిమీరిన బరువు ఉంటే కాలేయంలో కొవ్వు పడుతుంది.

గుర్తుంచుకోండి

- నీళ్ళు కాచి చల్లార్చి తాగండి.
- సూది వేయించుకునేటప్పుడు కొత్తది విప్పమని అడగండి.
- గర్భిణిగా ఉన్నప్పుడు బి రకం పరీక్ష చేయించుకోండి. ఉందని తేలితే పుట్టిన బిడ్డకు టీకాతో పాటు ఇంకో సూది కూడా వేస్తారు.
- కామెర్ల రోగి మత్తుగా పడి ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, నెత్తురు కక్కినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

చదివి చెప్పండి

1. పసరుతో కామెర్లు తగ్గాయని ఎందుకు అనిపిస్తుంది?
2. పుట్టిన బిడ్డకు మొదటి టీకా ఎన్ని గంటల లోపల వేయాలి?
3. బి, సి రకాలు ఎలా వస్తాయి? ఎలా రావు?
4. మీ వీధిలో నెలలు నిండిన అమ్మాయి ఉందా? ఆమెకు ఈ పాఠం చదివి వినిపించండి.