'పవర్' శబ్దము: పారిభాషికార్థ భేదము

ఆంగ్లమున 'పవర్' అను పదము శాస్త్రమునుబట్టి భిన్నార్థముల నిచ్చును. న్యాయశాస్త్రమున అది అధికారము, గణితమున ఘాతము, భౌతికశాస్త్రమున పని జరుగు రేటు. ఈ రేటునకు ప్రమాణము వాట్, అనగా సెకనుకు ఒక జౌలు. 100 వాట్ల దీపము 10 సెకన్లలో 1000 జౌళ్ల 'ఎనర్జీ'ని వినియోగించును.

తెలుగు పాఠ్యగ్రంథములు భౌతికశాస్త్రపు పవర్‌ను 'సామర్థ్యము' అనియు, ఎనర్జీని 'శక్తి' అనియు వ్యవహరించుచున్నవి. హిందీలో మాత్రము 'శక్తి' యనగా పవర్, ఎనర్జీ 'ఊర్జా'. కావున హిందీ గ్రంథమును తెనిగించువారు 'శక్తి'ని యథాతథముగ గ్రహించినచో, వాట్లలో కొలువవలసినది జౌళ్లలో కొలుచునదిగా పొరబడును.

సంస్కృతపదము రెండు భాషలకును సమానమైనంత మాత్రమున పారిభాషికార్థము సమానము కానేరదు. అనువాదకుడు పదరూపమును గాక, శాస్త్రమును, భావనను, ప్రమాణమును ముందుగ నిర్ణయించుకొనవలెను.