లీవ్ దొరికింది సరే, కారు ఎక్కడ ఎక్కుతారు?

విశాఖ నుంచి భీమిలి మీదుగా కళింగపట్నం దాకా పిల్లాపాపలతో కారులో మూడు రోజులు తిరిగి రావాలంటే డబ్బు ఎలాగోలా సర్దుకోవచ్చు. సర్దుకోలేనివి గంటలు. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే భార్యాభర్తలిద్దరికీ ఒకే వారంలో సెలవు దొరకడమే గగనం. దొరికిన ఆ కాస్త సెలవునీ హైవే మీద కరగబెట్టి, సముద్రం ఎదురుగా ఏసీ గదిలో నిద్రపోయి తిరిగొచ్చేవాళ్లు మన ఆఫీసుల్లో కోకొల్లలు. కాబట్టి ముందు సెలవు సంగతి చూద్దాం, దారి సంగతి తర్వాత.

మూడు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకోండి. ఒకటి ఆఫీసుది, ఒకటి పిల్లల బడిది, మూడోది సముద్రానిది. మొదటి రెండూ అందరూ చూస్తారు, మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉత్తరాంధ్ర తీరంలో టూరిస్టుల రద్దీ అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉంటుంది. వేసవి సెలవుల్లో వచ్చే జనం వేరు. మిగిలేది వానాకాలం, అదే ఇక్కడ ఆఫ్ సీజన్. అందులోనూ జూలై మూడో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా అని నా ఓటు. అప్పటికి జూన్ క్వార్టర్ లెక్కల హడావిడి సద్దుమణుగుతుంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు నడుస్తుంది, అది ముగిసి మరబోట్లు మళ్లీ సముద్రంలో ఉంటాయి. చేపల కూర కోసం ఇంత దూరం వెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆగస్టు 15 చుట్టూ వచ్చే లాంగ్ వీకెండ్ మాత్రం ఆఫ్ సీజన్ కిందికి రాదు. రూము రేటూ దిగదు, బీచ్ రోడ్డూ కదలదు.

దసరా సెలవులకు ఈ తీరం పెట్టుకునేవాళ్లకు ఒక మాట. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. తిత్లీ శ్రీకాకుళం జిల్లాను కొట్టింది 2018 అక్టోబరు 11న. గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది 2021 సెప్టెంబరు 26న. మూడూ దసరా సెలవులకు అటూ ఇటూగానే వచ్చాయి. ప్రతి ఏడూ వస్తాయని కాదు. కానీ క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగిరాని రూములు ఆ రోజుల్లో బుక్ చేయడం జూదమే. జూలై, ఆగస్టుల్లోనూ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే రెండు మూడు రోజులు వదలకుండా వాన పడుతుంది. కొంకణ తీరంలోలా వారాల తరబడి ముసురు మాత్రం ఇక్కడ ఉండదు.

ఇక లీవ్ అప్లికేషన్. శుక్రవారం నుంచి సోమవారం దాకా పెట్టాలన్నది అందరికీ తట్టే ఆలోచన. మీ కంపెనీలో శాండ్‌విచ్ రూల్ ఉంటే, రెండు సెలవుల మధ్య పడిన శని, ఆదివారాలు కూడా లీవ్ ఖాతాలోంచే పోతాయి. అంటే రెండు రోజులు అనుకున్నది నాలుగు. అదే బుధ, గురు, శుక్రవారాలు పెట్టి సోమవారం జాయిన్ అయితే పోయేది మూడే. తిరిగొచ్చాక ఒక ఆదివారం ఇంట్లో మిగులుతుంది. వారం మధ్యలో రూమూ చవక, జనమూ తక్కువ. పిల్లల బడి మూడు రోజులు పోతుంది, నిజమే. యూనిట్ టెస్టుల తేదీలు డైరీలో చూసి తప్పించండి, టీచరుకి ముందే చెప్పండి.

మేనేజర్‌ని అడగాల్సింది కనీసం రెండు నెలల ముందు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ రోజుకి మీ చేతిలో అప్రూవల్ ఉండాలి. నోటిమాటగా సరే అన్నారని టికెట్లు కొనేయకండి. రెండు నెలల్లో రిలీజ్ తేదీ జరగవచ్చు, ఆ మేనేజరే మారిపోవచ్చు. సిస్టమ్‌లో అప్రూవ్ అయి ఉన్న సెలవుని వెనక్కి తీసుకోవడం పైవాళ్లకీ మొహమాటమే. ఆన్-కాల్ రోస్టర్‌లో మీ పేరు ఆ వారంలో ఉంటే ఇప్పుడే ఎవరితోనైనా మార్చుకోండి. ఆన్-కాల్‌లో ఉండి స్టీరింగ్ పట్టుకోవడం అంటే రెండు పనులూ చెడగొట్టుకోవడం.

హ్యాండోవర్ నోట్ ఒక్క పేజీ చాలు, కానీ ఏ పని ఎవరి పేరు మీద ఉందో అందులో స్పష్టంగా ఉండాలి. "పెండింగ్ పనులు టీమ్ చూసుకుంటుంది" అని రాస్తే ఎవరూ చూడరు. "ఫలానా వెండర్ బిల్లు గురువారం లోపు అప్రూవ్ అవ్వాలి, ఫైలు ఈ ఫోల్డర్‌లో ఉంది, అనుమానం వస్తే అకౌంట్స్‌లో ఫలానా వారిని అడగండి" అని రాస్తే మీకు ఫోన్ రాదు. ఫోన్ రానే రాదని నమ్మడం కూడా అమాయకత్వమే. అందుకే రోజుకి ఒక అరగంట మీరే కేటాయించండి, ఉదయం తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా, హోటల్ గదిలో, కారు బయల్దేరక ముందు. ఆ సమయం టీమ్‌కి రాతపూర్వకంగా చెప్పండి. మిగతా గంటల్లో ఎత్తకపోతే ఎవరూ తప్పు పట్టరు. ఎప్పుడైనా ఎత్తుతాను అని చెప్పినవాళ్లకే బీచ్‌లో ఉండగా ఫోన్లు వస్తాయి. ఆ అరగంట పని ఫోన్‌లో అయిపోయేదైతే కంపెనీ ల్యాప్‌టాప్ ఇంట్లోనే వదిలేయండి. కారు డిక్కీలోంచి పోతే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

ఇప్పుడు దారి. హైదరాబాద్ నుంచి విశాఖ 600 కిలోమీటర్లు పైనే. చాలామంది లెక్క ఇలా ఉంటుంది: శుక్రవారం ఏడింటికి లాగ్ అవుట్, రాత్రంతా డ్రైవింగ్, తెల్లారేసరికి సముద్రం. జరిగేది చూడండి. సామాను సర్ది, హయత్‌నగర్ ట్రాఫిక్ దాటేసరికి పది. విజయవాడ దగ్గరికి వచ్చేసరికి రెండున్నర. నిద్ర మీద పడే సమయమూ, హైవే పక్కన వెనక లైట్లు లేకుండా లారీలు ఆగి ఉండే సమయమూ అదే. వానాకాలంలో పశువులు రోడ్డు మధ్యకొచ్చి పడుకుంటాయి, డివైడర్ సందులోంచి రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ వస్తుంది. పొద్దంతా స్క్రీన్ చూసిన కళ్లతో ఆ దారిలో వెళ్లడం ధైర్యం కాదు. క్షేమంగా చేరినా శనివారం నిద్రకే సరి, ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. సోమవారం మీటింగ్‌లో మీరు ఉంటారు కానీ ఉండరు.

నా సలహా ఒక్కటే. విశాఖ దాకా రాత్రి రైలు, కారు విశాఖలో ఎక్కండి. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారు తీసుకునేటప్పుడు నంబరు ప్లేటు చూడండి. నలుపు మీద పసుపు అక్షరాలుంటేనే అది అద్దెకి ఇవ్వడానికి అనుమతి ఉన్న బండి. తెలిసినవాళ్ల తెల్ల ప్లేటు బండి చవకగా వస్తుంది, కానీ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయడానికి అదొక్కటి చాలు. తాళం తీసుకునే ముందు బండి చుట్టూ తిరుగుతూ వీడియో తీయండి. నాలుగు పక్కలా గీతలు, మీటర్ రీడింగ్, పెట్రోల్ ముల్లు, ఫాస్టాగ్ బ్యాలెన్స్ అన్నీ అందులో రావాలి. వైపర్లు ఆన్ చేసి, నీళ్లు కొట్టి చూడండి. అద్దం మీద చారలు మిగిలితే బ్లేడు మార్చమని అక్కడే అడగండి, వానలో అడిగి లాభం లేదు.

మూడు రోజులూ ఎలా పంచాలి? ఇద్దరు ఉద్యోగులు, ఎనిమిదేళ్ల పిల్ల, ఒక బామ్మగారు అనుకుందాం. మంగళవారం రాత్రి రైలు. బుధవారం పొద్దున్నే దిగుతారు, హోటల్ చెక్ ఇన్ మాత్రం మధ్యాహ్నమే. ముందురోజే ఫోన్ చేసి త్వరగా గది ఇమ్మని అడగండి. ఆఫ్ సీజన్‌లో చాలాసార్లు ఒప్పుకుంటారు, అదే అసలు లాభం. ఆ రోజు ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్, సాయంత్రం తొట్లకొండ, రాత్రి రుషికొండ. సబ్‌మెరైన్‌కి సోమవారం సెలవు, ప్లాన్ జరిపితే అది గుర్తుంచుకోండి. లోపల ఇరుకు, బామ్మగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టడమే నయం. గురువారం పొద్దున ఎండ రాకముందే ఎర్రమట్టి దిబ్బలు, తర్వాత భీమిలి. అక్కడ డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి. భోజనం చేసి, భోగాపురం దగ్గర హైవే ఎక్కి, చీకటి పడక ముందే శ్రీకాకుళం. శుక్రవారం పొద్దున అరసవల్లి. సూర్యుడి గుడి కాబట్టి అక్కడ జనం ఆదివారం. శుక్రవారం దర్శనం తేలిక. తర్వాత కళింగపట్నం, దగ్గర్లోనే వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు. మధ్యాహ్నం పన్నెండుకి అక్కడి నుంచి కదిలిపోవాలి. విశాఖకి మ్యాప్ మూడు గంటలు అంటుంది. పిల్ల ఉన్న కారుకి, వానకి, ఆనందపురం నుంచి మధురవాడ దాకా శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్‌కి దానికి సగం కలుపుకోండి. కారు అప్పగించి రాత్రి రైలు.

ఈ పట్టికలో అరకు లేదు, బారువ లేదు. కావాలనే. "అంత దూరం వెళ్లి అరకు చూడకపోతే ఎలా" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అరకు విశాఖకి వంద కిలోమీటర్ల పైన, ఘాట్ రోడ్డు, వానల్లో కొండచరియలు విరిగిపడతాయి. బారువ శ్రీకాకుళం దాటి మరో వంద. ఏది కలిపినా రోజు మొత్తం కారులోనే పోతుంది. ప్రాజెక్టులో స్కోప్ పెంచినవాళ్లని మనం ఎంత తిట్టుకుంటామో అందరికీ తెలుసు, ఇంట్లో అదే పని చేయకండి.

వానాకాలపు సముద్రంలో పాదాలు తడవడమే స్నానం అనుకోండి. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన మాట నిజం, దాని వల్ల అలల స్వభావం మారదు. భీమిలిలోను, కళింగపట్నంలోను ఏరు కలిసే చోట అడుగున ఇసుక కోసుకుపోతుంది. మోకాలి లోతు అనుకున్నది రెండడుగుల తర్వాత నడుము లోతు. మత్స్యకారులు పడవల్ని ఒడ్డు మీద బాగా పైకి లాగి పెట్టుకున్నారంటే ఆ రోజు మీరూ దిగకూడదు. వాళ్లకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు.

రోడ్డు మీద నీళ్లు నిలిచి ముందు బండి టైరు సగం మునిగితే వెనక్కి తిప్పండి. ఇంజన్‌లోకి నీళ్లు పోయి బండి ఆగితే మళ్లీ స్టార్ట్ చేయకండి. అలా పాడైన ఇంజన్‌కి మామూలు పాలసీ డబ్బివ్వదు, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా కొని ఉండాలి. అద్దె బండైతే ఆ బిల్లు మీ డిపాజిట్ మీదే పడుతుంది.

ఎల్‌టీఏ (లీవ్ ట్రావెల్ అలవెన్స్) క్లెయిమ్ చేద్దామనుకునేవాళ్లు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అని గమనించండి. అదీ ప్రయాణ ఛార్జీలకే, హోటల్‌కీ భోజనానికీ కాదు. రైలు టికెట్లు దాచుకోండి, అద్దె కారు మీద ఆశ పెట్టుకోకండి.

బయల్దేరే ముందు రెండు రోజులూ వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. అల్పపీడనం వాయుగుండంగా మారుతుందని ఉంటే ఆలోచన అక్కర్లేదు, మానేయండి. రూమ్‌కి ఉచిత రద్దు ఎప్పటి వరకో బుకింగ్ రోజునే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ప్రయాణం మానుకున్న రోజే సిస్టమ్‌లో లీవ్ కూడా క్యాన్సిల్ చేసి మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. ఆఫీసుకొచ్చి కూర్చున్నంత మాత్రాన కోసిన లీవు దానంతటది ఖాతాలోకి తిరిగి రాదు.